మారు వడ్డన

2024 మార్చి 12, మంగళవారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు మా మేనేజర్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. ఆయన నిలబడే మాట్లాడాడంటే వార్త మంచిది కాదని నాకు తెలుసు. చేతిలో ఒక కాగితం, దాని మీద ఒకటే అంకె: 16,347.

"ఎనిమిది రోజుల్లో ఇన్ని రీడింగులు పోయాయి," అన్నాడు. ఆయన అమెరికన్. ఇంగ్లీషులో అన్నవాటిని నేను తెలుగులో రాస్తున్నాను.

అమెరికాలోని మోరిస్‌విల్‌లో మాది చిన్న కంపెనీ. ఊళ్ళకి నీళ్ళు పంపే పంపింగ్ స్టేషన్లలో గోడకి బిగించే పెట్టెలు చేస్తాం. స్టేషన్‌లో నలభై సెన్సర్లుంటాయి. ట్యాంకులో నీళ్ళెంత, పైపులో ఒత్తిడెంత అని అవి పది సెకన్లకొకసారి, నలభయ్యీ ఒకేసారి, మా పెట్టెకి చెబుతాయి. పెట్టె ఆ రీడింగులను కంట్రోల్ రూమ్‌కి చేరవేస్తుంది. రెండు సెకన్లకు మించి పాతబడిన రీడింగును కంట్రోల్ రూమ్ తీసుకోదు, పారేస్తుంది. నీళ్ళ విషయంలో పాత కబురు వద్దు.

ఆ పెట్టె లోపల నెట్‌వర్క్ కార్డుతో మాట్లాడే ప్రోగ్రామును, అంటే డ్రైవర్‌ను, 2001లో నేను రాశాను. ఇప్పుడు నాకు డెబ్భై రెండు. వారానికి మూడు రోజులు పోతాను. కిందటి చలికాలంలో కొత్త కార్డు వచ్చింది. దానికోసం నా ఫైలును తిరగరాసింది మా గ్రూపులోని ఒక అమ్మాయి. ఇరవై ఆరేళ్ళు. తల్లిదండ్రులది విజయవాడ వైపు, తాను పుట్టింది మాత్రం మా ఆఫీసుకి ఆరు మైళ్ళ దూరంలో. పద్నాలుగు నెలలు టెస్టింగ్ గ్రూపులో ఉండి, ప్రతి వారం నా కోడ్‌లో ఏదో ఒక చిన్న తప్పు పట్టి నాకు మెయిల్ పెడుతూ, పట్టువదలకుండా అక్టోబర్‌లో మా గ్రూపులోకి వచ్చింది. ఆ ఫైలు తనకి మొదటి పెద్ద పని. కొత్త పెట్టెను మార్చి 4, సోమవారం ఉదయం తొమ్మిదికి ఒక స్టేషన్‌లో ట్రయల్‌గా పెట్టారు.

"పాత పెట్టె మళ్ళీ బిగించేశారు," అన్నాడు మేనేజర్. "శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు దాకా టైమిస్తాను. కారణం దొరక్కపోతే ఆమె రాసింది తీసేసి బయట డ్రైవర్ కొంటాం. ఆమె తిరిగి టెస్టింగ్‌కి వెళ్తుంది."

"ముందు మీ అంకె తప్పు," అన్నాను.

"స్టేషన్ వాళ్ళు పంపిందే."

"వాళ్ళూ తప్పే. ఎనిమిది రోజులకి ఎనిమిది ఇరవైనాలుగులు నూట తొంభై రెండు గంటలని లెక్క వేసి, ఇన్ని రావాలి, ఇన్నే వచ్చాయి అని తీసేశారు. మొన్న ఆదివారం తెల్లవారుజామున, ఏటా జరిపినట్టే, ఎండాకాలం కోసం గడియారాలు గంట ముందుకి జరిపాం కదా. రెండు కావలసింది మూడయింది. నడిచింది నూట తొంభై ఒక్క గంటలే. గంటకి నలభై సెన్సర్లూ కలిసి పద్నాలుగు వేల నాలుగు వందలు. ఆ గంట ఎవరికీ రాలేదు, మాకూ రాలేదు. అది తీసేయండి."

ఆయన ఫోన్ తీసి లెక్క చూసుకున్నాడు. నేను అప్పటికే కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టాను: 1,947.

"ఇదైనా పోకూడదు కదా," అన్నాడు.

"ఒక్కటి కూడా పోకూడదు," అన్నాను.

ఆయన వెళ్ళాక చూస్తే ఆ అమ్మాయి తన బల్ల దగ్గర వీపు నిటారుగా పెట్టుకుని స్క్రీన్ వైపు చూస్తోంది. స్క్రీన్ మీద ఏమీ లేదు. అంతా విన్నదన్నమాట.

నా వృత్తి ఏమిటో ఇక్కడ రెండు ముక్కల్లో చెప్పాలి. మా అక్కకి చెప్పినట్టే చెబుతాను.

నెట్‌వర్క్ కార్డుకి బయటినుంచి ఒక ప్యాకెట్, మా పెట్టెకైతే ఒక రీడింగు, రాగానే అది కంప్యూటర్ తలుపు తడుతుంది. దాన్నే ఇంటరప్ట్ అంటారు. కంప్యూటర్ చేతిలో పని ఆపి తలుపు దగ్గరికి పోవాలి. తట్టిన ప్రతిసారీ పోయి, వచ్చినదాన్ని అక్కడే విప్పి, చూసి, చేరాల్సిన చోటికి చేర్చి వస్తే చేతిలో పని ఎప్పటికీ తెమలదు. పైగా అంతసేపూ ఇంకెవరు తట్టినా వినబడదు. అందుకని పనిని రెండుగా కోస్తాం. మొదటి భాగం తలుపు దగ్గరికి పోయి "ఆఁ, విన్నాను" అని, ఒక గుర్తు పెట్టి, వెంటనే వెనక్కి వస్తుంది. అసలు పని రెండో భాగానిది. అది కాస్త తర్వాత, తలుపు చప్పుళ్ళు వినబడుతూ ఉండగానే, వచ్చినవన్నీ వరసగా తీసి చేరవేస్తుంది.

అంటే వాయిదా. ఈ మాటకి మనవాళ్ళలో మంచి పేరు లేదు. వాయిదా అనగానే కోర్టు గుర్తొస్తుంది, పెళ్ళిచూపులకి వచ్చి కబురు చేస్తామని వెళ్ళినవాళ్ళు గుర్తొస్తారు. నేను మాత్రం ముప్పై ఏళ్ళు వాయిదా మీదే బతికాను, ఒక్కనాడూ సిగ్గుపడలేదు. "విన్నాను" అని ఎంత త్వరగా అనాలి, "చేశాను" అని ఎంతలోపల అనాలి, ఈ రెంటి మధ్య దూరాన్ని కొలిచి, అందులో ఏదీ జారిపోకుండా చూడడం నా పని. నేను రాసిన మొదటి భాగం తొమ్మిది వరుసలు. పదో వరుస అవసరమని నాకెవరూ రుజువు చేయలేదు.

ఇందులో ఒక చిక్కు జాగా ఉంది. రెండో భాగం అన్నీ తీసేసింది, ఇక లేవని చూసుకుంది, చేతులు దులుపుకుని లేస్తోంది. సరిగ్గా ఆ క్షణంలో ఇంకొకటి వస్తే? మొదటి భాగం "విన్నాను" అంటుంది, రెండోది ఎలాగూ పనిలోనే ఉంది కదా అని మళ్ళీ లేపదు. రెండోది మాత్రం అప్పటికే లేచిపోతోంది. ఆ వచ్చింది అక్కడే కూర్చుండిపోతుంది. దానికి నేనొక జెండా పెట్టాను. పని నడుస్తుండగా ఎవరు తట్టినా మొదటి భాగం ఆ జెండా ఎత్తుతుంది. రెండో భాగం లేచే ముందు జెండా చూస్తుంది. ఎత్తి ఉంటే మళ్ళీ ఒక చుట్టు తిరుగుతుంది.

ఆ జెండాకి పేరు పెట్టింది 2001 మే 3, గురువారం, మధ్యాహ్నం భోజనాల దగ్గర. అప్పుడు గ్రూపులో ఆరుగురం, అందులో నలుగురం తెలుగువాళ్ళం. నేను పేపర్ నాప్కిన్ మీద బొమ్మ గీస్తున్నాను. కరీంనగర్ నుంచి వచ్చిన సహోద్యోగి ఒకతను పక్కనుంచి చూస్తున్నాడు.

"జెండాకి పేరేం పెడుతున్నవ్ అక్కా?"

"మారు."

"మారు ఏంది?"

"మారు వడ్డన. వడ్డించేవాడు గిన్నె లోపల పెట్టేసే ముందు, ఎవరైనా మారు అడిగారేమోనని ఒకసారి చూసుకోవాలి కదా."

"మా దిక్కు మల్ల అంటం. మల్ల ఏస్కో అంటం. అదే పెట్టు, మల్ల."

"ఫైలు నాది."

"ఫైలు నీదే. తెలుగు అందరిది గద?"

టేబులంతా నవ్వింది. నేను మారు అనే పెట్టాను, నాలుగు ఇంగ్లీషు అక్షరాల్లో. దాని పక్కన వివరణ రాయలేదు. పేరే పని చెబుతుంటే మళ్ళీ వివరణ ఎందుకన్నది నా సిద్ధాంతం. ఆ రోజుల్లో చదివేవాళ్ళందరికీ ఆ పేరు పని చెప్పింది కూడా. ఇరవై రెండేళ్ళ పది నెలల ఒక్క రోజు ఆ జెండా ఒక్క ప్యాకెట్టును కూడా కూర్చోబెట్టలేదు. నా దగ్గర పదమూడు నోటుబుక్కులున్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు.

ఇక మంగళవారానికి వస్తే, మధ్యాహ్నం రెండింటికి ల్యాబ్‌లో కొత్త పెట్టె పెట్టాం. సెన్సర్ల బదులు పది సెకన్లకి నలభై రీడింగులు పంపే మెషిన్. నేను ఇంటికి వెళ్ళాను. ఆ అమ్మాయి ఎప్పుడు వెళ్ళిందో నాకు తెలియదు, అడగలేదు.

బుధవారం మధ్యాహ్నం రెండింటికి ఇద్దరం అంకెలు తీశాం. నేను నోటుబుక్కులో రాసుకున్నాను. కార్డు అందుకున్నవి 345,600. మా డ్రైవర్ పైకి పంపినవి 345,600. ఆ అమ్మాయి ముఖం వెలిగింది.

"రెండూ సేమ్ ఆంటీ! అంటే ఏదీ పోలేదు. మన కోడ్ కాదు ఇది!"

మీటింగులో నన్ను పేరు పెట్టి పిలుస్తుంది. మిగతా చోట్ల ఆంటీ. నాకు రెండూ సమ్మతమే.

"ఏదీ పోలేదు, నిజమే," అన్నాను. "మరి కంట్రోల్ రూమ్ లెక్కలో రెండు వందల ముప్పై తొమ్మిది తక్కువ ఎందుకున్నాయి?"

"అది పారేసింది కదా."

"ఎందుకు పారేస్తుంది?"

"లేట్ వస్తే."

"ఎంత లేటు?"

లేచి వెళ్ళిపోయింది. నలభై నిమిషాల తర్వాత ఒక లిస్టు పట్టుకుని వచ్చింది. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది, అడగకుండానే.

"అన్నీ పది సెకన్లు ఆంటీ. ఒక్కటి కూడా ఫైవ్ లేదు, ఒక్కటి కూడా ట్వెంటీ లేదు. ఓన్లీ పది."

"పది సెకన్లకి ఏం జరుగుతుంది?"

"నెక్స్ట్ బ్యాచ్ వస్తుంది." వేలితో బల్ల మీద కొట్టింది. "అంటే ఆ ఒక్క ప్యాకెట్ వచ్చేసి, అక్కడే కూర్చుని ఉంది. ఎవరూ దాన్ని తియ్యలేదు. నెక్స్ట్ బ్యాచ్ తలుపు కొట్టినప్పుడు దీన్ని కూడా తీస్తున్నారు. ఎప్పుడూ బ్యాచ్‌లో లాస్ట్ వచ్చిందే ఆంటీ. లాస్ట్ వచ్చిన పూర్ థింగ్."

"బాగుంది," అన్నాను. నా నోట అది పెద్ద మాట. ఆ అమ్మాయికి ఆ సంగతి తెలుసు, చెవులు ఎర్రబడ్డాయి.

ఎక్కడ ఆగుతోందో తెలిసింది. ఎందుకో తెలియలేదు. ఆమె రాసిన ఫైలు మొత్తం ప్రింట్ తీయించి, వరుస కింద స్కేలు పెట్టుకుని మూడున్నర నుంచి ఐదూ యాభై దాకా చదివాను. నా ఫైలు 1,104 వరుసలు, ఆమెది 640. శుభ్రంగా ఉంది. నేను ముప్పై ఏళ్ళ వయసులో అంత శుభ్రంగా రాయలేదు, ఇది ఒప్పుకోవడానికి నాకేమీ కష్టం లేదు.

కష్టమైంది ఇంకొకటి. నా జెండా అందులో ఎక్కడా కనబడలేదు. దాని జాగాలో నాకు పరిచయం లేని పేరొకటి ఉంది, ఛేంజ్డ్ అని. మారినది అని. కేబుల్ ఊడిందా, తగిలిందా, లింకు మారిందా అని చూసుకోవడానికి ఆమె సొంతంగా పెట్టుకున్న గుర్తు కాబోలనుకున్నాను. మరి చివరి ప్యాకెట్టు సంగతి ఎలా చూస్తోంది? కొత్త పద్ధతి ఏదో వచ్చి ఉంటుంది, కొత్త కెర్నెల్‌లో, అంటే కంప్యూటర్ మూల ప్రోగ్రాములో, ఆ పని అదే చూసుకుంటుందేమో, నాకే తెలియదేమో అనుకున్నాను. ఒక్క మాట అడిగితే తేలిపోయేది. డెబ్భై రెండేళ్ళ వయసులో, నా ఫైలు గురించి నేనే, ఆ పిల్లను అడగడానికి నామోషీ అనిపించింది. స్కేలు సంచిలో పెట్టుకుని ఇంటికి పోయాను. ఆ నామోషీ ఖరీదు పద్దెనిమిది గంటల ముప్పై అయిదు నిమిషాలు.

గురువారం పొద్దున మేనేజర్ రెండుసార్లు మా వైపు వచ్చి, ఏమీ అడగకుండా వెళ్ళాడు. ఆ అమ్మాయి రాసింది మళ్ళీ మళ్ళీ చదువుతోంది. పదకొండున్నరకి నా దగ్గరికి వచ్చింది.

"టెస్టింగ్‌లో కూడా మంచి పనే ఉంటుంది ఆంటీ," అంది.

"ఉంటుంది."

"ఐ మీన్, నేను ఓకే."

"నువ్వు ఓకే అయితే నేను ఓకే కాదు," అన్నాను. "తిన్నావా?"

తినలేదు. డ్రాయర్‌లో ఉండే గ్రనోలా బార్లతో రెండు రోజులుగా గడుపుతోంది. పన్నెండూ ఇరవై అయిదుకి బ్రేక్ రూమ్‌కి లాక్కుపోయాను. నా డబ్బాలో ఇద్దరికి సరిపడా దోసకాయ పప్పు, అన్నం, వేయించిన మజ్జిగ మిరపకాయలు. పేపర్ ప్లేటులో పెట్టి ఇచ్చాను. ఆకలి మీద ఉంది, అయిదు నిమిషాల్లో ప్లేటు ఖాళీ చేసింది.

"మారు వేసుకో," అన్నాను గరిటె చేత్తో పట్టుకుని.

తన ప్లేటు వైపు చూసింది, నా వైపు చూసింది. లేచి సింకు పక్కనున్న ప్లేట్ల దొంతర దగ్గరికి వెళ్ళి కొత్తది తెచ్చింది.

"ప్లేటెందుకు?"

"మార్చమన్నారు కదా. దీనికి ఏమైంది ఆంటీ, లీక్ అవుతుందా?"

"ప్లేటు కాదే పిల్లా. పప్పు."

"పప్పు మార్చాలా?"

నాకు నవ్వొచ్చింది. మూడు రోజుల్లో మొదటిసారి గట్టిగా నవ్వాను. ఆ అమ్మాయి నవ్వలేదు. కొత్త ప్లేటు రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఆంటీ. మారు అంటే మార్చడం కాదా?"

"అది వేరు. ఇది రెండోసారి వడ్డించుకోవడం. మీ అమ్మ అనదూ?"

"అమ్మ ఇంకొంచెం అంటుంది. మారు అంటే... లైట్ మారింది, ఫోన్ నంబర్ మారింది, నువ్వు చాలా మారిపోయావు." ఆగింది. "ఆంటీ, మీ ఫైల్‌లో మారు అని ఉంది కదా. నేను దాన్ని ఛేంజ్డ్ చేసాను. ఐ ట్రాన్స్‌లేటెడ్ ఇట్. టీమ్‌లో అందరికీ అర్థం కావాలని. మొత్తం టీమ్‌లో ఆ పేరు చదవడం నాకొక్కదానికే వచ్చు అనుకున్నాను."

నా చేతిలో గరిటె అలాగే ఉంది. ఛేంజ్డ్ అన్న ఆ పేరును నిన్న రెండు గంటల ఇరవై నిమిషాలు స్కేలు పెట్టుకుని చూశాను. నా జెండా నా ఎదుటే ఉంది. ఇంగ్లీషు చొక్కా వేసుకుని నిలబడితే నేనే గుర్తుపట్టలేదు.

"దాన్ని ఎక్కడ దించుతున్నావు?" అని అడిగాను. అంటే జెండాను.

"లాస్ట్‌లో. అన్నీ తీసేసాక. ఏదో మారింది, మనం హ్యాండిల్ చేసాం, సో క్లియర్ చేసేయాలి కదా." కళ్ళు పెద్దవయ్యాయి. "ఓ. ఓ నో. మీరు ఫస్ట్‌లో చేసేవాళ్ళు. నేను కిందకి మూవ్ చేసాను. నీట్‌గా ఉంటుందని."

ఈ సంగతి అర్థం కాకుండా కథ అర్థం కాదు కనుక ఇంకొక్కసారి చెబుతాను. వడ్డించేవాడి చేతిలో ఒక పలక ఉందనుకోండి. మారు కావలసినవాళ్ళు దాని మీద గీత గీస్తారు. నా పద్ధతిలో వాడు వరస మొదట్లోనే పలక తుడిచి, చివరిదాకా వడ్డించి, వెళ్ళే ముందు పలక చూస్తాడు. మధ్యలో ఎవరు గీత గీసినా కనబడుతుంది. ఆమె పద్ధతిలో చివరిదాకా వడ్డించి, అప్పుడు పలక తుడిచి, తుడిచిన పలక చూసి, ఎవరూ అడగలేదని వెళ్ళిపోతాడు. గీత గీసినవాడు తర్వాతి పంక్తి వచ్చేదాకా ఖాళీ ఆకు ముందు కూర్చోవాలి. మా లెక్కలో ఆ పంక్తి పది సెకన్లకొకటి.

జెండా పేరు మార్పు అయినప్పుడు చివర దించడం సబబే. అది మారు వడ్డన అయినప్పుడు తప్పు. ఆ అమ్మాయి చేసింది తర్కం తప్పు కాదు, పేరు తప్పు. ఆ పేరు పెట్టింది నేను.

కొత్త ప్లేటు అక్కడే పెట్టేసి పరుగెత్తింది. నేను ఆమె పాత ప్లేటులోనే ఇంకాస్త పప్పన్నం పెట్టి, దాని మీద ఫాయిల్ కప్పి, డబ్బా సర్దుకుని, నా నడకన వెళ్ళేసరికి పని అయిపోయింది. ఒక్క వరుస, పద్నాలుగు వరుసలు పైకి. ఇంకేమీ ముట్టుకోలేదు. నేను రెండుసార్లు చదివాను. రెండింటికి ల్యాబ్‌లో పాతది ఆపి కొత్తది మొదలుపెట్టాం.

రెండూ అయిదుకి బ్రేక్ రూమ్‌లో ఫాయిల్ తీసి, చల్లారిన పప్పన్నం నిలబడే తింది. తినేసి ప్లేటు నా ముందుకి చాపింది.

"ఆంటీ, మారు."

పెట్టాను.

తర్వాత పేరు దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. మారు అని తిరిగి పెట్టి, పక్కన అర్థం రాయమన్నాను. అగైన్ అని పెడతానంది. ఇరవై రెండేళ్ళు నిలిచిన పేరన్నాను. నా ముఖంలోకి చూసి నెమ్మదిగా అడిగింది.

"మీరు వెళ్ళాక ఇది ఎవరు చదువుతారు ఆంటీ?"

గోడ గడియారం వైపు చూశాను, రెండూ నలభై. సరే అన్నాను. ఆమె దాని పైన మూడు వరుసల వివరణ రాసింది, ముందు తుడవాలి, తర్వాత వడ్డించాలి, ఎందుకంటే, అని. నేను అందులో ఒక కామా సరిచేశాను. ఇంకేమీ సరిచేయవలసి రాలేదు.

సాయంత్రం మిషిగన్‌లోని ట్రాయ్‌కి ఫోన్ చేశాను. ఆ కరీంనగర్ సహోద్యోగి రిటైరై అక్కడే ఉంటున్నాడు. అంతా చెప్పాను. అవతల నుంచి నవ్వు ఆగలేదు.

"నేను అప్పుడే చెప్పిన గద అక్కా! మల్ల పెట్టు అంటే ఇన్నవా?"

"మల్ల పెడితే ఆ పిల్ల మల్లె అనుకుని జాస్మిన్ అని పెట్టేది."

"జాస్మిన్ అయితే మంచిగనే ఉంటుండె. ఎవ్వడు ముట్టకపోతుండె." ఇంకాసేపు నవ్వి అడిగాడు, "పిల్ల మంచిదేనా, పని వస్తదా?"

"నువ్వూ నేనూ కలిసి ఎంతో, అంత వస్తుంది," అన్నాను. అతను నవ్వడం ఆపేశాడు. అతనికీ నేను ఇలాంటి మాటలు ఎన్నిసార్లు అంటానో తెలుసు.

శుక్రవారం నా రోజు కాదు. అయినా వెళ్ళాను. పదకొండింటికి ఇరవై ఒక్క గంటలు పూర్తయ్యాయి. కార్డు అందుకున్నవి 302,400. పైకి పంపినవి 302,400. కంట్రోల్ రూమ్ తీసుకున్నవి 302,400. ఆలస్యం సున్నా. ఆ సున్నాను నోటుబుక్కులో రాసి, చుట్టూ ఒక గడి గీశాను. నేను గడులు గీయను, అది ఒక్కటే.

పదకొండున్నరకి మేనేజర్ గదిలోకి ఇద్దరం వెళ్ళాం. దారిలో "నేను చెప్పనా?" అని అడిగాను. వద్దంది.

బోర్డు ముందు నిలబడి మొదటినుంచీ చెప్పింది. అంకెలు సమానం, పది సెకన్లు, చివరి ప్యాకెట్టు, జెండా. "ఆ పేరు నా తల్లిదండ్రుల భాషలోది. నాకు వచ్చనుకుని తప్పుగా అనువదించాను. తప్పు నాది," అంది ఇంగ్లీషులో, తడబడకుండా.

"సగం," అన్నాను. "ఒకే మాటకి రెండు అర్థాలున్న పేరు పెట్టి, పక్కన వివరణ రాయనిది నేను. రాసుకోండి, సగం నాది."

మేనేజర్‌కి ఇది కొత్త. నేను ఆ గదిలో తప్పు నాదని ఎన్నడూ అనలేదు. అనవలసిన అవసరం రాలేదు.

"ఇంతకీ ఆ మాటకి అర్థమేమిటి?" అన్నాడు.

చెప్పాను.

"అంటే మన ప్రోగ్రాం ఇంకేమైనా కావాలా అని అడగలేదన్నమాట."

"అడిగింది," అంది ఆ అమ్మాయి. "కావాలని చెబితే విన్నది కూడా. విన్నాక చెరిపేసింది."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. ఈసారి కూర్చునే ఉన్నాడు. బయట డ్రైవర్ కొనే కాగితాన్ని మడిచి చెత్తబుట్టలో వేశాడు. సోమవారం స్టేషన్‌లో కొత్త పెట్టె తిరిగి పెట్టమన్నాడు. ఆ అమ్మాయికి తన బల్ల తనకే ఉంటుందని చెప్పాడు. ఆమె థాంక్యూ అంది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది, అంతే.

"ఈ ఫైలుకి ఇకమీద బాధ్యులెవరు?" అని అడిగాడు నన్ను. ఫైలు మొదటి వరుసలో ఆ పేరు ఉంటుంది. 2001 నుంచి నాది ఉంది.

"ఫైలు ఆమెది," అన్నాను. పన్నెండుకి ఇంకా తొమ్మిది నిమిషాలుంది. ఆ తొమ్మిది నిమిషాల్లో ఆ వరుస నేనే మార్చాను, నా చేత్తో, ఆమె పేరు అక్షరం తప్పు లేకుండా. ముప్పై ఏళ్ళలో నేను కొట్టిన వరుసల్లో అంత నిబ్బరంగా కొట్టింది ఇంకొకటి లేదు.

పోయినవాటి లెక్క:

స్టేషన్‌లో రీడింగులు 1,947.

ల్యాబ్‌లో, మంగళవారం రెండు నుంచి గురువారం రెండు వరకు, 486.

మొత్తం 2,433.

నా నామోషీ వల్ల పద్దెనిమిది గంటల ముప్పై అయిదు నిమిషాలు.

ఆదివారం గంట ఒకటి. గడియారాలు వెనక్కి జరిపే నవంబర్ 3న అది తిరిగి వస్తుంది కనుక లెక్కలో చేర్చలేదు.

పేపర్ ప్లేటు ఒకటి, వాడనిది.

పేరు ఒకటి, నాలుగక్షరాలు.